తక్కువ ఖర్చులో మొదటి ఎయిర్ పిస్టల్: తరచుగా అడిగే ప్రశ్నలు

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీకి సిద్ధమవాలనుకునేవాళ్లు, పిల్లల్ని ఆ దారిలో పెట్టాలనుకునే తల్లిదండ్రులు కొనేముందు అడిగే ప్రశ్నలివి. పిట్టల్ని కొట్టడానికో, సరదాగా సీసాలు పగలగొట్టడానికో ఎయిర్ గన్ వెతుకుతున్నవారికి ఈ పేజీ పనికిరాదు. అడవి పక్షిని ఎయిర్ గన్‌తో కొట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ కావాలా?

గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. దాటకుండా, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టల్ ఈ హద్దుకు చాలా కిందే ఉంటుంది. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి ఐదున్నర జౌళ్లు మాత్రమే. దుకాణదారుడు మీ గుర్తింపు కార్డు, చిరునామా పత్రం నకళ్లు తీసుకుంటాడు. పేరు, సీరియల్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి, దాన్ని పిస్టల్ పెట్టెలోనే ఉంచండి. దారిలో పోలీసులు ఆపినా, పోటీ దగ్గర తనిఖీ జరిగినా ముందు అడిగేది అదే.

ఏ వయసులో మొదలుపెట్టవచ్చు?

పిస్టల్ కిలోకు కాస్త అటూఇటూ తూగుతుంది. దాన్ని ఒంటిచేత్తో, చెయ్యి పూర్తిగా చాచి, గంటకు పైగా మళ్లీ మళ్లీ ఎత్తాలి. అందుకే చాలామంది కోచ్‌లు పన్నెండేళ్ల ప్రాంతంలో మొదలుపెట్టిస్తారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే ఈ విభాగంలో జాతీయ విజేత అయింది కదా అని అందరి పిల్లల్నీ తొందరపెట్టకండి. భుజం బలపడకముందే బరువు ఎత్తిస్తే నడుము వెనక్కి వాల్చి నిలబడే అలవాటు పడుతుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పించడం కన్నా కష్టం. చిన్నపిల్లలకు మొదట్లో ఆసరా మీద పెట్టి కాల్చడం నేర్పాలి. సొంత పిస్టల్ అప్పుడే కొనాలనుకుంటే పొట్టి గొట్టం ఉన్న తేలిక మోడల్ చూడండి.

ఇప్పుడే కొనాలా, ఆగాలా?

మూడు నెలలు ఆగండి. దాదాపు ప్రతి అకాడమీలోనూ అద్దెకో, ఫీజులో భాగంగానో వాడుకునే పిస్టళ్లు ఉంటాయి. మూడు నెలల్లో రెండు సంగతులు తేలిపోతాయి. ఒకటి, పిల్లవాడికి ఈ ఆట మీద ఉన్న ఆసక్తి నిజమా, టీవీలో పతకం చూసిన మోజా అన్నది. రెండు, చేతి కొలత, బలం ఏపాటివన్నది. మొదటి వారంలోనే కొన్న పిస్టళ్లలో చాలా వరకు గ్రిప్ (పిడి) సరిపోకో, పిల్లవాడు రైఫిల్‌కు మారిపోవడం వల్లో అటక ఎక్కుతాయి.

ఉన్న కొద్ది డబ్బును దేని మీద పెట్టాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే కాబట్టి లెక్క వేసి చూద్దాం.

పది మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ గీతను తాకినా పదే ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్యబిందువు టార్గెట్ నడిబొడ్డు నుంచి 8 మి.మీ. లోపు పడితే చాలు.

ఇప్పుడు రెండు తప్పులు ఊహించండి. మొదటి తప్పులో చెయ్యి మొత్తం 5 మి.మీ. పక్కకు జరిగింది, గురి చూసే ముందు సైట్, వెనక సైట్ మాత్రం ఒకదానికొకటి సరిగ్గానే ఉన్నాయి. పెల్లెట్ కూడా 5 మి.మీ. పక్కన పడుతుంది. అప్పటికీ పదే. రెండో తప్పులో చెయ్యి కదల్లేదు గానీ, ట్రిగ్గర్ లాగిన కుదుపుకు ముందు సైట్ వెనక సైట్‌తో పోలిస్తే ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయింది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు, టార్గెట్ పది మీటర్ల అవతల. ఆ ఒక్క మిల్లీమీటరు అక్కడికి చేరేసరికి 30 మి.మీ. అవుతుంది. స్కోరు ఏడు.

చెయ్యి వణకడం మామూలే, ఎవరికైనా వణుకుతుంది. పాయింట్లు పోయేది ట్రిగ్గర్ దగ్గర, గ్రిప్ దగ్గర. కాబట్టి డబ్బును ఈ వరుసలో పెట్టండి: శుభ్రంగా, ఒకే బరువు దగ్గర విడిచే ట్రిగ్గర్, చేతికి కుదిరే గ్రిప్, ఏడాదికి సరిపడా పెల్లెట్లు. బ్రాండు పేరు, రంగు, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వీటి తర్వాతే. వేగం సంగతైతే పట్టించుకోనే వద్దు. పది మీటర్ల దూరానికి సెకనుకు 140–160 మీటర్లు చాలు, అంతకు మించితే లాభం లేదు.

స్ప్రింగ్, సీఓ2, పంపు, సిలిండర్: ఏ రకం?

స్ప్రింగ్ పిస్టళ్లు అన్నిటికన్నా చవక. కానీ లోపలి పిస్టన్ ముందుకు దూకినప్పుడు, పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టల్ కుదుపుకు గురవుతుంది. తప్పు మీదో, పిస్టల్‌దో తెలియదు. నేర్చుకునేవాడికి ఇంతకన్నా చెడ్డ గురువు ఉండదు. మామూలు మోడళ్లలో ట్రిగ్గర్ కూడా బరువే.

సీఓ2, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో కాల్చే పిస్టళ్లు మన వాతావరణానికి నప్పవు. ఆ గ్యాస్ పీడనం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు ఉంటే, 31 డిగ్రీలకే 70 దాటిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద పొద్దున ఏడింటికి సరిచేసుకున్న సైట్ పదకొండింటికి పనికిరాదు. పాత సీఓ2 పోటీ పిస్టల్ ఎవరైనా చవకగా ఇస్తామన్నా వదిలేయండి.

ఒక్కసారి లివర్ లాగితే ఒక్క షాట్‌కు సరిపడా గాలి పట్టే పంపు రకం ఒకటుంది. సిలిండర్ గొడవ లేదు, కుదుపు దాదాపు లేదు, చెడిపోయే భాగాలు తక్కువ. ఇంట్లో సాధనకు మంచిది. వైహ్రౌఖ్ హెచ్‌డబ్ల్యూ 40 ఈ కోవలో చిన్నది, చవకది. రష్యా తయారీ ఐజ్ 46ఎం నిజంగా పోటీ స్థాయిది, మంచి స్థితిలో పాతది దొరికితే ఆలోచించవచ్చు. ఇబ్బందల్లా అరవై షాట్లకు అరవైసార్లు లివర్ లాగాల్సి రావడం. పద్నాలుగేళ్ల పిల్లల చెయ్యి నలభయ్యో షాట్‌కే అలసిపోతుంది.

ఇక సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే పీసీపీ రకం. పోటీల్లో కనిపించేవన్నీ దాదాపు ఇవే. 200 బార్ల దాకా నింపితే మోడల్‌ను బట్టి నూట యాభై షాట్లకు పైగా వస్తాయి. లోపలి రెగ్యులేటర్ ప్రతి షాట్‌కూ ఒకే పీడనం అందిస్తుంది. రాష్ట్ర స్థాయికి వెళ్లాలనుకుంటే చివరికి దీనికే రావాలి. అందుకే మధ్యలో చవకవి రెండు కొని పారేయడం కన్నా, ఆగి ఒక పాత పీసీపీ కొనడం లాభం.

ఏ మోడళ్లు చూడాలి?

పెద్ద పోటీల్లో కనిపించే పేర్లు స్టెయర్, మోరిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దిని. కొత్తవి లక్ష పైమాటే, పేరున్న మోడళ్లు ఇంకా చాలా పైకి పోతాయి. వీటి మధ్య తేడా 600కు 540 కొట్టేవాడి స్కోరులో కనిపించదు. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లు రెండు దారుల్లో వెళ్లవచ్చు. మొదటిది, ఇవే కంపెనీల వెనకటి తరం మోడల్ పాతది కొనడం. స్టెయర్ ఎల్‌పి10, మెకానికల్ ట్రిగ్గర్ ఉన్న మోరిని పాత పిస్టళ్లు ఇలా చేతులు మారుతుంటాయి. రెండోది, హామెర్లి ఏపీ20 లాంటి ప్రారంభ స్థాయి పీసీపీ కొత్తది కొనడం. కుదుపు తగ్గించే ఏర్పాటు వంటి హంగులుండవు గానీ, ట్రిగ్గర్ పోటీకి పనికొచ్చేదే.

కొనేముందు మీ ఊళ్లో దాని రబ్బరు సీళ్లు మార్చేవాళ్లు ఎవరో కనుక్కోండి. ఎంత గొప్ప పిస్టలైనా ఐదు రూపాయల ఓ-రింగు కోసం నాలుగు నెలలు పెట్టెలో కూర్చుంటే వృథా.

పాత పిస్టల్ కొనేటప్పుడు ఏం పరీక్షించాలి?

ముందు సిలిండర్ మీది తేదీ చూడండి. యూరప్ తయారీ సిలిండర్లకు సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది, తయారీ నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి. గడువు దాటిన సిలిండర్ ప్రమాదం, పోటీలోనూ దాన్ని రానివ్వకపోవచ్చు. కొత్త సిలిండర్ ధర కనుక్కుని పిస్టల్ ధరలోంచి తగ్గించమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, అమ్మేవాళ్లకూ ఆ లెక్క తెలుసు.

తర్వాత గాలి నిలబడుతుందో లేదో చూడాలి. సిలిండర్‌ను 200 బార్లకు నింపి, గంట చల్లారనిచ్చి, పీడనం చూపే ముల్లు ఎక్కడుందో ఫోటో తీయండి. పిస్టల్‌కు బిగించి ఇరవై నాలుగు గంటలు ఉంచి మళ్లీ చూడండి. ముల్లు స్పష్టంగా కిందికొస్తే ఎక్కడో కారుతోంది. సిలిండర్‌ను విడిగా నీళ్లలో ముంచితే బుడగలు వస్తే తప్పు వాల్వుది. రాకపోతే తప్పు పిస్టల్ లోపలి సీళ్లది. మొదటిది చిన్న పని, రెండోదానికి పిస్టల్ విప్పాలి.

ఆ తర్వాత ట్రిగ్గర్. గాలి నింపి, పెల్లెట్ లేకుండా, గొట్టం నిట్టనిలువుగా పైకి పెట్టి 500 గ్రాముల తూకం ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా ఎత్తండి. పేలకుండా తూకం లేవాలి. ఇలా ఐదారుసార్లు చేయండి. ఒకసారి లేచి ఒకసారి పేలితే లోపలి కొక్కెం అరిగి ఉండవచ్చు.

చివరగా పిస్టల్‌ను మెత్తటి ఆసరా మీద పెట్టి పది షాట్లు కాల్చండి. పది పెల్లెట్లూ దాదాపు ఒకే చిరుగులో పడాలి. చెదిరితే పెల్లెట్ రకం మార్చి మళ్లీ చూడండి. మూడు రకాలతోనూ చెదిరితే గొట్టం మూతి అంచు దెబ్బతిన్నదేమో భూతద్దంతో చూడండి. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దొరికితే మరీ మంచిది. రెగ్యులేటర్ పోయిన పిస్టల్లో వేగం షాట్‌కూ షాట్‌కూ మారుతూ ఉంటుంది, పది నిమిషాలు వదిలేశాక కాల్చిన మొదటి షాట్ ఎక్కువ వేగంతో పోతుంది.

గ్రిప్ కొలత ఎలా తెలుసుకోవాలి?

గ్రిప్పులు చిన్న, మధ్య, పెద్ద కొలతల్లో, కుడిచేతికి, ఎడమచేతికి వేర్వేరుగా వస్తాయి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉన్న కండ గ్రిప్ పైభాగానికి వీలైనంత ఎత్తులో ఆనాలి. మణికట్టు, ముంజేయి, గొట్టం ఒకే గీతలోకి రావాలి. చూపుడువేలు గ్రిప్ పక్కను ఎక్కడా తాకకుండా, మొదటి కణుపు మెత్తటి భాగంతో ట్రిగ్గర్‌ను నేరుగా వెనక్కి లాగగలగాలి. అరచేతి కింది పలకను బిగించేటప్పుడు చెయ్యి ఇరుక్కోకూడదు. లోపలికి పెట్టి తీయడానికి కాస్త వదులు ఉండాలి.

ఒక మంచి పరీక్ష చెబుతాం. పిస్టల్ పట్టుకుని కళ్లు మూసుకోండి. చెయ్యి టార్గెట్ వైపు ఎత్తి కళ్లు తెరవండి. సైట్లు ఏమాత్రం సర్దకుండానే వరుసలో కనిపిస్తే గ్రిప్ మీకు సరిపోయినట్టే. ప్రతిసారీ ముందు సైట్ ఎడమకో కుడికో కనిపిస్తే గ్రిప్ కోణం మార్చాలి, లేదా చెక్క ముద్దతో ఖాళీ నింపాలి, లేదా ఉప్పు కాగితంతో అరగదీయాలి. అరగదీసేది మిల్లీమీటరులో సగం చొప్పున చేయండి. ఎక్కువ తీసేస్తే మళ్లీ ముద్ద పెట్టుకోవడమే. ఒక హద్దు గుర్తుంచుకోండి. గ్రిప్ ఏ భాగమూ చేతిని చుట్టుకోకూడదు, మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు.

కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను బలమైనది. ఏం చేయాలి?

ముందు నిజమా కాదా చూడండి. రెండు అరచేతులతో చిన్న కిటికీలా చేసి, చేతులు చాచి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కిటికీలోనే ఉంటుందో అదే బలమైన కన్ను. పిస్టల్లో ఇది రైఫిల్లో ఉన్నంత ఇబ్బంది కాదు, తల కొద్దిగా తిప్పితే సరిపోతుంది. దీనికోసం ఎడమచేతి గ్రిప్ కొనేయకండి. రెండు నెలలు కోచ్ దగ్గర చూశాకే నిర్ణయించుకోండి.

గాలి ఎక్కడ నింపించాలి? చేతిపంపు సరిపోతుందా?

రేంజ్‌లో పెద్ద సిలిండర్ ఉంటే అదే మేలు. పిస్టల్ సిలిండర్ పట్టేది లీటరులో పదోవంతు. పది లీటర్ల పెద్ద సిలిండర్ నుంచి 100 బార్ల దగ్గరున్న దాన్ని 200కు నింపితే, పెద్దదాని పీడనం సుమారు ఒక బారు తగ్గుతుంది. 200తో మొదలైన పెద్ద సిలిండర్ ఇరవైసార్లు నింపాక 180 మాత్రమే ఇస్తుంది. పిస్టల్‌కు అదీ చాలు, షాట్లు కాస్త తగ్గుతాయంతే. పెద్ద సిలిండర్ మీది హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో దాని గట్టిదనం చూసే పరీక్ష) తేదీ కూడా చూడండి.

చేతిపంపు పనిచేస్తుంది, కానీ గాలిలోని తేమ కూడా లోపలికి పోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఇది పెద్ద సమస్య. లోపల చేరిన నీటితో వాల్వు, రెగ్యులేటర్ తుప్పు పడతాయి. పంపుకు సిలికా జెల్ గొట్టం తప్పకుండా పెట్టండి, గింజల రంగు మారగానే ఎండబెట్టండి లేదా మార్చండి. యాభై దెబ్బలకోసారి ఆగి తేమ వదిలే మర తిప్పండి.

నింపేటప్పుడు మెల్లగా నింపాలి. గబగబా నింపితే గాలి వేడెక్కి ముల్లు 200 చూపిస్తుంది, చల్లారాక కిందికొస్తుంది. కారుతోందని భయపడతారు గానీ కారడం కాదు. 200 దాటించొద్దు, నింపిన సిలిండర్‌ను ఎండలో ఆపిన కారులో వదలొద్దు. ఆక్సిజన్ సిలిండర్‌తో ఎప్పుడూ నింపకండి. లోపల చుక్క నూనె ఉన్నా పేలిపోతుంది. వెల్డింగ్ షాపులో చవకగా నింపుతారని వెళ్లేవాళ్లను ఆపండి. అదే కారణంగా సీళ్లకు కుట్టుమిషన్ నూనె, గ్రీజు లాంటివి పూయకూడదు, సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి.

పెల్లెట్లకు ఎంత పెట్టుకోవాలి?

రోజుకు 75 షాట్లు, వారానికి ఐదు రోజులు అనుకుంటే నెలకు సుమారు 1500. డబ్బాకు 500 చొప్పున నెలకు మూడు డబ్బాలు, ఏడాదికి 36. దుకాణంలో ధర అడిగి 36తో గుణించి చూసుకోండి. ఆ మొత్తాన్ని పక్కన పెట్టాకే పిస్టల్ బడ్జెట్ తేల్చుకోండి. పిస్టల్ కొనేసి పెల్లెట్లకు డబ్బుల్లేక వారానికి ఇరవై షాట్లు కాల్చే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది.

ముందుభాగం చదునుగా ఉన్నవే తీసుకోండి, అవే కాగితంలో గుండ్రంగా కోసినట్టు రంధ్రం చేస్తాయి. తల వ్యాసం 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది. రెండు రకాలూ ఒక్కో డబ్బా కొని ఆసరా మీద పోల్చండి. సాధనకు మధ్యరకం చాలు, పోటీకి నెల ముందు మంచి రకానికి మారండి.

పెల్లెట్ అంటే సీసం. కాల్చాక సబ్బుతో చేతులు కడగకుండా తినొద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకోవద్దు, రేంజ్ దుమ్మును పొడి చీపురుతో ఊడ్చొద్దు. తడిగుడ్డతో తుడవండి.

మేడ మీద సాధన చేయవచ్చా?

నాలుగు వైపులా ఎవరూ అడ్డం రాలేని చోటైతేనే. వరండా, పొడవాటి హాలు మేడకన్నా నయం. టార్గెట్ మధ్యబిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. వెనక ఇనుప పెట్టె, అందులో పెల్లెట్‌ను కిందికి మళ్లించేలా వాలుగా పెట్టిన రేకు. దాని వెనక గోడే ఉండాలి, తలుపు గానీ కిటికీ గానీ ఉండకూడదు. ఉత్త రాతిగోడ మీద కాల్చితే సీసపు ముక్కలు వెనక్కి ఎగిరొస్తాయి, కళ్లద్దాలు తప్పనిసరి. టార్గెట్ మీద 1500 లక్సుల వెలుగు పడాలి.

స్థలం లేకపోతే ఐదు మీటర్ల నుంచి సగం కొలత టార్గెట్‌తో చేయండి. నిజానికి ఇంట్లో పెల్లెట్లే అక్కర్లేదు. పీసీపీ పోటీ పిస్టళ్లలో చాలావాటికి ఉత్తి ట్రిగ్గర్ సాధనకు ఏర్పాటు ఉంటుంది. ఖాళీ తెల్లగోడ వైపు చూస్తూ రోజుకు నలభైసార్లు, ముందు సైట్ కదలకుండా ట్రిగ్గర్ విడవడం సాధన చేస్తే స్కోరు పెరుగుతుంది, ఖర్చు సున్నా. స్ప్రింగ్ పిస్టల్‌తో మాత్రం ఇలా చేయకూడదు. పెల్లెట్ లేకుండా కాల్చితే సీలు దెబ్బతింటుంది.

పోటీ తనిఖీలో ఎక్కడ ఆపేస్తారు?

పిస్టల్ మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మోయాలి. బూట్లు చీలమండ ఎముకను కప్పకూడదు. ఎక్కువమంది దొరికిపోయేది ట్రిగ్గర్ దగ్గరే. సరిగ్గా 500కు పెట్టుకుని వస్తారు, ప్రయాణంలో మర కాస్త వదులవుతుంది. 515–520కి పెట్టుకోండి. ఇరవై గ్రాముల తేడా వేలికి తెలియదు. గ్రిప్‌కు ముద్ద పెట్టినవాళ్లు 50 మి.మీ. వెడల్పు కొలుచుకుని వెళ్లాలి.

మొదటి ఏడాదిలో ఏవి పాడవుతాయి?

ఓ-రింగులే. సిలిండర్ బిగించే చోటిది, పెల్లెట్ గదిది ఒక్కో జత అదనంగా పెట్టుకోండి. సిలిండర్‌ను చేత్తో మాత్రమే బిగించాలి, పానా వాడితే రింగు చితుకుతుంది. సైట్ మరలు వదులై గురి నెమ్మదిగా పక్కకు పోవడం ఇంకొకటి. పిల్లవాడి స్కోరు ఉన్నట్టుండి పడిపోతే తిట్టేముందు ఆ మరలు చూడండి. గొట్టాన్ని రోజూ శుభ్రం చేయక్కర్లేదు. రెండు మూడు డబ్బాలకోసారి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుళికలు రెండు పంపితే చాలు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎలా దాచాలి? ప్రయాణంలో?

పెల్లెట్ తీసి, అది పెట్టే గదిని తెరిచి ఉంచి, గొట్టం గుండా రంగు దారం వేసి, తాళం ఉన్న పెట్టెలో. పెల్లెట్లు ఇంకోచోట. ఐదున్నర జౌళ్లంటే తక్కువే అనిపిస్తుంది, కంటిని పోగొట్టడానికి ఆ శక్తి చాలా ఎక్కువ. ఖాళీగా ఉందని తెలిసినా ఎవరి వైపూ తిప్పకూడదని, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలని మొదటి రోజు నుంచీ నేర్పండి.

రైలు, బస్సుల్లో తాళం వేసిన పెట్టెలో, బిల్లు, రైఫిల్ అసోసియేషన్ కార్డు, పోటీ ఆహ్వాన పత్రంతో తీసుకెళ్లండి. విమానంలో చేతిసంచిలో రానివ్వరు. సామానులో వేయాలి, సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి ఉండాలి. టికెట్ కొన్న రోజే విమాన సంస్థకు చెప్పి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. విమానాశ్రయానికి మామూలు కన్నా గంట ముందే చేరండి. ఎన్నికల సమయంలో స్థానిక పోలీసు ఉత్తర్వులు ఎయిర్ గన్‌లకు వర్తిస్తాయేమో స్టేషన్‌లో కనుక్కున్నాకే పిస్టల్ బయటికి తీయండి.

ఈ పిస్టల్‌తోనే 25 మీటర్ల పోటీకి వెళ్లవచ్చా?

వెళ్లలేరు. దానికి 0.22 బుల్లెట్ పిస్టల్ కావాలి, దానికి లైసెన్స్ తప్పనిసరి. ఎయిర్ పిస్టల్లో రెండు మూడేళ్లు నిలకడగా కాల్చి, రాష్ట్ర పోటీల్లో స్కోరు చూపించాక రైఫిల్ అసోసియేషన్ ద్వారా ఆ దారి వెతుక్కోవాలి. అప్పటికి ఈ పిస్టల్ అమ్మేయకండి. 25 మీటర్ల షూటర్లు కూడా ఎయిర్ పిస్టల్ సాధన కొనసాగిస్తూనే ఉంటారు.